పాత ఫైబర్ గ్లాస్ ట్రైలర్ తలుపు తాళం మార్చాలి, మూడు వారాలే టైముంది

చిన్నగూడు | మే 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం మినియాపోలిస్ దగ్గర ఉంటాం. పోయిన అక్టోబర్‌లో ఒక పాత ఫైబర్ గ్లాస్ ట్రైలర్ కొన్నాం. 1979 మోడల్, కోడిగుడ్డు ఆకారం, ముందు కొక్కెం నుంచి వెనక బంపర్ దాకా కలిపి పదమూడు అడుగులు. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి ఫోన్ చేసి అడగడానికి ఎవరూ లేరు.

నిన్న ఊరికే ఒకసారి తిప్పి చూద్దామని ఐ-35 మీద డులూత్ వైపు తీసుకెళ్ళాను. హింక్లీ దాటాక పక్క లేన్‌లో వెళ్ళేవాళ్ళు హారన్ కొడుతూ వెనక్కి చెయ్యి చూపించారు. అద్దంలో చూస్తే ట్రైలర్ తలుపు బార్లా తెరుచుకుని ఊగుతోంది. గుండె ఆగినంత పనైంది. పక్కకు తీసి ఆపాను. ఒక మడత కుర్చీ, అమ్మ సర్దిపెట్టిన ఊరగాయ సంచీ రోడ్డు మీద పడిపోయాయి. వెనక ఎవరూ దగ్గరగా లేకపోవడం మా అదృష్టం.

తలుపు మూస్తే తాళం పడినట్టే 'టక్' అంటుంది. చేత్తో లాగితే వచ్చేస్తుంది. నాలుగుసార్లు గట్టిగా మూసి చూసేసరికి బయటి పిడి విరిగి చేతిలోకొచ్చింది. విరిగినచోట లోహం బూడిద రంగులో, పెళుసుగా, గింజలు గింజలుగా ఉంది. తాడుతో కట్టుకుని ఇంటికొచ్చాం.

అమ్మ తణుకు నుంచి ఆరు నెలలకని వచ్చింది. మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం సెలవు) వారాంతానికి గూస్‌బెర్రీ ఫాల్స్ పార్కులో చోటు బుక్ చేశాను. అమ్మకి లేక్ సుపీరియర్ చూపించాలి. ఆన్‌లైన్‌లో మామూలు ట్రైలర్ తాళాలు దొరుకుతున్నాయి, 2¾ × 3¾ అంగుళాల కోతకు (తాళం కూర్చోవడానికి తలుపులో కోసిన కన్నానికి) సరిపోయేవి. నా తలుపుకున్న కోత అంతకంటే కాస్త చిన్నది. ఫైబర్ గ్లాస్ కోసి పెద్దది చేసుకోవచ్చా? ఏ తాళం కొనమంటారు?

ఓరుగల్లు_అన్న | మే 4, రాత్రి 10:15

తమ్ముడూ, ఎవరికీ ఏం కాలేదు, అదే చాలు. ఇంత చిన్న బండికి కొత్త తాళం, కోతలు ఎందుకు? బయట స్టీలు గొళ్ళెం బిగించి మంచి తాళంకప్ప వేసెయ్. పదిహేను డాలర్లలో అయిపోతుంది. నేను డల్లాస్‌లో నా సామాన్ల ట్రైలర్‌కు ఎనిమిదేళ్ళుగా అదే వాడుతున్నా, ఒక్కసారి కూడా ఊడలేదు.

ఒంటరి_బాట | మే 4, రాత్రి 11:02

అన్నగారూ, సామాన్ల బండికైతే మీరు చెప్పింది సరిగ్గా సరిపోతుంది. మనుషులు పడుకునే బండికి మాత్రం దయచేసి వద్దు. లోపల మనుషులుండగా ఎవరైనా బయట గొళ్ళెం వేస్తే లోపలివాళ్ళు తీయలేరు. ఇంత చిన్న బండిలో పొయ్యికి, పరుపుకి మధ్య రెండడుగుల దూరం కూడా ఉండదు. మంట లేస్తే బయటికి రావడానికి ఉన్నది ఒక్క తలుపు. నిద్రమత్తులో, చీకట్లో, తాళంచెవి వెతక్కుండా ఒక్క చేత్తో తీయగలిగేలా ఉండాలి.

నేను ఆరిజోనాలో పదహారడుగుల ఫైబర్ గ్లాస్ బండిలో ఒక్కదాన్నే తిరుగుతాను. నాకు కావాల్సింది రెండే: లోపలినుంచి వేసుకుంటే బయటివాళ్ళెవరూ తీయలేని గడియ, అదే గడియ నేను వేలితో తిప్పగానే తెరుచుకోవడం. చిన్నగూడు గారూ, ఏ తాళం కొన్నా పిడితో కదిలే నాలుక (తలుపు మూస్తే గుమ్మంలోకి దూరే ముక్క) ఒకటి, విడిగా డెడ్‌బోల్ట్ (తిప్పితే పడే గడియ) ఒకటి, రెండూ ఉన్నది తీసుకోండి. అమ్మగారి చేత కూడా ఒకసారి తీయించి చూడండి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి కొన్ని పిడులు తిరగవు.

ఓరుగల్లు_అన్న | మే 4, రాత్రి 11:20

అక్కా, నిజమే. నేను సామాన్ల లెక్కలోనే ఆలోచించిన. తమ్ముడూ, గొళ్ళెం మాట వదిలెయ్.

తాళంచెవి | మే 5, ఉదయం 7:30

న్యూజెర్సీలో హార్డ్‌వేర్ షాపులో తాళాల కౌంటర్ దగ్గర పని చేస్తాను. ఫొటో చూసి తాళం కొనేసి, తర్వాత వెనక్కి తెచ్చేవాళ్ళని వారానికి ఇద్దరినైనా చూస్తాను. ముందు పాత తాళం విప్పి ఈ కొలతలు రాసుకోండి. కోత వెడల్పు, ఎత్తు. కోత దగ్గర తలుపు మందం. తలుపు అంచు నుంచి కోత ఎంత లోపలికుంది. నాలుక అంచు దాటి ఎంత బయటికొస్తోంది. బయట నిలబడి చూస్తే బందులు ఎడమ పక్కనా, కుడి పక్కనా. మామూలు తాళాలు చాలావరకు ఒకటిన్నర అంగుళం మందం తలుపుకి తగ్గట్టు చేస్తారు. గుడ్డు బండ్ల తలుపు అంత మందం ఉండదు, పైగా వంపు తిరిగి ఉంటుంది. ఇబ్బంది అక్కడే వస్తుంది.

పాత పిడి లోపలివైపు అచ్చులో పోసిన నంబరు ఏమైనా ఉందేమో చూడండి. బార్గ్‌మన్ వాళ్ళ పాత తాళాలకి ఎల్-66, ఎల్-77 లాంటి నంబర్లుంటాయి. నంబరు కనిపిస్తే అదే రకం పాతది వెతుక్కోవచ్చు, అప్పుడు కోత జోలికే వెళ్ళక్కర్లేదు. మీకు కనిపించిన ఆ బూడిద రంగు గింజలు జింకు పోత లోహం. ఇనుములా వంగదు, అలసిపోయి ఒక్కసారి విరుగుతుంది. అతికించాలని చూడకండి.

ఇంకో మాట. సెకండ్ హ్యాండ్ బండి అంటే ఆ తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయో మనకి తెలియదు. సామాన్లు పెట్టుకునే బయటి చిన్న తలుపుల సంగతి మరీ ఘోరం. అమెరికాలో లెక్కలేనన్ని బండ్లకి సీహెచ్751 అనే ఒకే నంబరు తాళంచెవి పడుతుంది. తలుపు తాళంతోపాటు వాటి సిలిండర్లు కూడా మార్చెయ్యండి, డబ్బు ఎక్కువేం కాదు.

కొయ్యపని | మే 5, మధ్యాహ్నం 12:50

కొత్త తాళం కొనే ముందు ఒక్కరోజు ఆగండి, చిన్నగూడు గారూ.

మా నాన్న పెద్దాపురంలో వడ్రంగి. ఎవరైనా వచ్చి "గడియ పడట్లేదు, కొత్త గడియ వెయ్యి" అంటే ఆయన గడియ వంక చూసేవారు కాదు. ముందు తలుపు మూసి, దూరంగా వెళ్ళి నిలబడి, తలుపుకి గుమ్మానికి మధ్య సందు చూసేవారు. పైన సందు ఎక్కువై కింద రాసుకుంటుంటే బందులు వదులైనట్టు, లేదా దూలం దిగినట్టు. అది సరిచేస్తే పాత గడియే పడేది. నాకు పన్నెండేళ్ళప్పుడు నేర్చుకున్న పాఠం ఇది, ఒహాయోలో నా ఇంట్లో ఇప్పటికీ పనికొస్తోంది.

మీరు రాసినదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'టక్' అంటుంది గాని లాగితే వస్తుంది అన్నారు. అంటే నాలుక కదులుతోంది, స్ప్రింగు పనిచేస్తోంది. అది దూరాల్సిన పట్టీ దగ్గరికి సరిగ్గా చేరడం లేదు, అంచు మీద నిలబడుతోంది. నలభై ఏళ్ళు బతికిన పిడి మీ చేతిలో నాలుగు దెబ్బలకి విరిగిందంటే, అంతకుముందు చాలాకాలంగా అది మొయ్యకూడని బరువు మోస్తూ ఉండాలి.

రెండు పరీక్షలు చెయ్యండి. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టండి. మూలల్లో దించే జాకీలు గట్టిగా ఎక్కించి ఉంటే వదులు చెయ్యండి, అవి కూడా బండిని మెలిపెడతాయి. రాత్రి లోపల ఒకరు టార్చి పట్టుకుని తలుపు చుట్టూ తిప్పితే బయటినుంచి ఎక్కడ వెలుతురు కనిపిస్తుందో చూడండి. తర్వాత ఒక కాగితం ముక్క రబ్బరు పట్టీకి, తలుపుకి మధ్య పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే మంచిది, జారి వచ్చేస్తే అక్కడ తలుపు ఆనడం లేదన్నమాట. చుట్టూ జానెడు జానెడు దూరంలో చెయ్యండి.

చిన్నగూడు | మే 5, రాత్రి 10:25

కొయ్యపని గారూ, ఇప్పుడే చేశాం. అమ్మ లోపల టార్చి పట్టుకుంది, నేను బయట నిలబడ్డాను. తలుపు కింది సగం చుట్టూ చీకటే, ఒక్క గీత వెలుతురు లేదు. తాళం ఉన్న పక్క పైకి వెళ్ళేకొద్దీ సన్నని గీత మొదలై, పై మూలకి వచ్చేసరికి నా చూపుడు వేలు దూరేంత సందు. పై అంచున మాత్రం తలుపు గుమ్మానికి రాసుకుని రంగు గీసుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆ గీతల్ని పాతబడ్డ రంగు అనుకున్నాను.

కాగితం కింద అస్సలు రాలేదు, చిరిగింది. పైన మూల దగ్గర గాలికే పడిపోయింది.

బందులు పట్టుకుని ఊపి చూశాను, కదలడం లేదు. అమ్మ ఒక మాటంది: "తలుపు బానే ఉందిరా, పైకప్పే కిందికొచ్చింది." నాన్నమ్మ వాళ్ళ పెంకుటింట్లో వానాకాలం ఇలాగే అయ్యేదట.

కొలతలు: కోత 2½ × 3½. తలుపు మందం కోత దగ్గర ఒక్క అంగుళం. పిడి లోపల నంబరు అరిగిపోయింది, చదవలేకపోయాను.

ప్రెయిరీ_పిట్ట | మే 6, ఉదయం 8:05

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి, నేను అడగబోయేది ఆవిడ ముందే చెప్పేశారు.

నేను విన్నిపెగ్‌లో ఉంటాను, మా దగ్గర 1974 బోలర్ ఉంది. ఈ గుడ్డు బండ్లకి ఇక్కడే బీజం పడింది. రే ఒలెక్కో అనే ఆయన ముందు ఫైబర్ గ్లాస్‌తో తేలికైన సెప్టిక్ ట్యాంకు చేసి, ఆ పద్ధతిలోనే 1968లో బోలర్ ట్రైలర్ తయారు చేశాడు. పైచిప్ప ఒక అచ్చులో, కిందిచిప్ప ఒక అచ్చులో పోసి నడుం దగ్గర కలిపేస్తారు. బోలర్ టోపీ ఆకారంలో ఉందని ఆ పేరు. తర్వాత మిన్నెసోటాలో బ్యాకస్ అనే ఊళ్ళో స్కాంప్, టెక్సస్‌లో క్యాసిటా, ఇంకా చాలామంది అదే దారిలో చేశారు. మీ బండీ ఆ కుటుంబంలోదే.

ఈ చరిత్రంతా ఎందుకంటే, వీటికి గోడల్లో కర్ర ఉండదు, ఇనుప చట్రం ఉండదు. ఫైబర్ గ్లాస్ పెంకే గోడ, పెంకే కప్పు. మరి పైచిప్ప కుంగకుండా పట్టి ఉంచేది ఏమిటి? లోపలి అల్మరాలు! తలుపు పక్కన నేల నుంచి కప్పు దాకా ఉండే బీరువా ఉంది చూశారూ, అది బట్టలకోసం మాత్రమే కాదు, ఆ మూలకి స్తంభం. తలుపు కోసం పెంకులో అంత పెద్ద కన్నం పెట్టారు కాబట్టి అన్నిటికంటే బలహీనమైన చోటు అదే.

మీ బండిలో తలుపు పక్కన బీరువా ఉందా? లేకపోతే బయట కప్పు మీద, తలుపుకి పక్కగా, రివెట్ల టోపీలు వరసగా కనిపిస్తున్నాయా?

చిన్నగూడు | మే 6, సాయంత్రం 6:40

బీరువా లేదు!

కొన్నప్పుడు అక్కడ చక్కగా చిన్న బెంచీ, పైన కిటికీ వెలుతురు, ఎంత విశాలంగా ఉందో అనుకున్నాం. అమ్మినాయన "ఇరుకుగా ఉందని తీసేశాం" అని సంతోషంగానే చెప్పాడు. ఇప్పుడు బయట నిచ్చెన వేసి చూస్తే తలుపు పక్కన కప్పు మీద ఐదు రివెట్ల టోపీలు వరసగా ఉన్నాయి. లోపల వాటికి ఎదురుగా ఏమీ లేదు, లైనింగు మీద పాత జిగురు మరక తప్ప.

అంటే తాళం తప్పు కాదు. ఆ స్తంభం తీసేసిన రోజునుంచి ఈ చిన్న నాలుక కప్పు బరువుని పట్టుకుని లాగుతూ వచ్చింది. ఇప్పుడేం చెయ్యమంటారు?

కొయ్యపని | మే 6, రాత్రి 8:30

సంతోషం, రోగం దొరికింది.

ముందు బండి కిందికి దూరి, తలుపు ముందరి అంచు కిందుగా వచ్చే ఇనుప ఛాసిస్ చూడండి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, వెంట్రుకంత పగులైనా ఉందేమో చూడాలి. ఉంటే అన్నీ ఆపి వెల్డింగు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. అది బాగుపడకుండా పైన ఏం చేసినా దండగ.

ఛాసిస్ బాగుంటే కప్పు లేపడమే. చక్రాలకి అడ్డం పెట్టండి. నేల మీద మందపాటి పలక, దాని మీద బాటిల్ జాకీ, జాకీ మీద నిలువుగా రెండు-బై-నాలుగు కర్ర, కర్ర పైన అడుగున్నర చదరం పలక. పై పలకకి పాత తువ్వాలు చుట్టండి. కప్పు మీద బరువు ఒక్కచోట పడకూడదు, చేతులు చాచి పట్టుకున్నట్టు పరుచుకోవాలి. జాకీ ఒక పావు అంగుళం లేపి ఒక గంట వదిలెయ్యండి. పెంకు నలభై ఏళ్ళు అలవాటుపడ్డ వంపు నుంచి నిదానంగా రావాలి. చిటపటమని శబ్దం వస్తే ఆపేసి, తర్వాత రోజు చూడండి. ప్రతిసారీ తలుపు మూసి కాగితం లాగి చూసుకోండి. పై మూలలో కాగితం బిగిసిన క్షణం ఆపెయ్యండి, అంతకుమించి ఒక్క తిప్పు వద్దు.

తర్వాత పాత బీరువా ఉన్నచోటే ముప్పావు అంగుళం ప్లైవుడ్ నిలువు పలక పెట్టండి. పైన కప్పు వంపుని అట్టమీద గీసుకుని కోసుకోవాలి. పూర్తి బీరువా కట్టక్కర్లేదు, ఆ బెంచీ కూడా ఉంచుకోవచ్చు. బరువు నేల దాకా దిగాలి, అంతే.

ఓరుగల్లు_అన్న | మే 6, రాత్రి 9:10

నేను చెప్పినట్టు గొళ్ళెం వేసి ఉంటే ఆ గొళ్ళెం కూడా కొన్ని రోజులకి పెంకును చీల్చుకుని ఊడి వచ్చేది. ఈ థ్రెడ్ మా డల్లాస్ గ్రూపులో పెట్టిన. తమ్ముడూ, జాకీ పని ఒక్కడివే చేయకు, పక్కన ఇంకొకరు ఉండాలె.

చిన్నగూడు | మే 11, రాత్రి 9:15

ఛాసిస్‌లో పగుళ్ళు లేవు. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి కప్పు లేచింది, మొత్తం అర అంగుళం కంటే కొంచెం ఎక్కువ. మా ఆవిడ జాకీ దగ్గర, నేను తలుపు దగ్గర, అమ్మ కాగితం ముక్కలతో. మూడో పావు దగ్గర ఒక్కసారి 'టప్' మంది, అందరం ఊపిరి బిగబట్టాం. చూస్తే ఆ గుమ్మం అంచున అంటుకున్న పాత జిగురు ఊడిన శబ్దం. ఆ తర్వాత తలుపు ఒక్క వేలితో నెడితే మూసుకుంది. కొన్నప్పటినుంచి భుజంతో తోస్తున్నాం దాన్ని!

ప్లైవుడ్ పలక నిలబెట్టి బిగించాను. జాకీ తీసేశాక మళ్ళీ కాగితం పెట్టి చూశాం, బిగుతుగానే ఉంది.

ఇక తాళం. పాతది ఎలాగూ విరిగింది. 2¾ × 3¾ రకం, డెడ్‌బోల్ట్ ఉన్నది తెప్పించాను. కోత ప్రతి పక్కా అంగుళంలో ఎనిమిదో వంతు పెంచాలి. తలుపు అంగుళం మందం, తాళానికి కావాల్సింది ఒకటిన్నర. పాత తాళం తీశాక కోత లోపల రెండు పెంకుల మధ్య ఉన్న ప్లైవుడ్ నల్లగా, తడిగా, వేలితో నొక్కితే అటుకుల్లా రాలుతోంది. దీన్నేం చెయ్యాలి?

కాకినాడ_తీరం | మే 12, ఉదయం 5:50

నాయనా, నేను కాకినాడలో ఫైబర్ బోట్ల పని ముప్పై ఏళ్ళు చేశాను. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు, వాడే ఈ చర్చ చూపించాడు. పడవైనా, మీ బండైనా పెంకు ఒకటే, జబ్బు కూడా ఒకటే. కన్నం పెట్టినచోట నీళ్ళు దూరి లోపలి చెక్క కుళ్ళుతుంది.

కుళ్ళిన చెక్కని మొహమాటం లేకుండా గీకెయ్యి. వంచిన స్క్రూడ్రైవర్‌తో, గట్టి చెక్క తగిలేదాకా, చుట్టూ అంగుళం లోతుకి. తర్వాత రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టు. తడి మీద ఏ రెసినూ పట్టదు. ఆరాక పల్చని ఎపాక్సీ బ్రష్‌తో లోపలికి పూయి, చెక్క తాగనియ్యి. అది జిగటగా ఉండగానే ఎపాక్సీలో సన్నని రంపపుపొట్టు కలిపి, ఇడ్లీ పిండికంటే గట్టిగా చేసి, ఆ ఖాళీ నింపెయ్యి. గట్టిపడ్డాక అది చెక్కకంటే బలం, నీళ్ళు తాగదు. పాత స్క్రూల కన్నాలు కూడా దాంతోనే పూడ్చు. ఇంత చిన్న పనికి పాలిస్టర్ రెసిన్ వద్దు. పాత పెంకుకి ఎపాక్సీ బాగా అతుకుతుంది, పాలిస్టర్‌కి వాడే హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోగలదు.

కోత పెంచడానికి రంపం ముట్టుకోకు. అంగుళంలో ఎనిమిదో వంతుకి ఆకురాయి చాలు. చుట్టూ మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి దాని మీద గీత గీసుకో. ఆకురాయి బయటినుంచి లోపలికి తోసేటప్పుడే నొక్కు, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యి. లాగుతూ నొక్కితే పై నున్నటి పొర పెచ్చులుగా లేస్తుంది. స్క్రూ కన్నాలకి డ్రిల్ ముందు తిరగలేసి, అంటే రివర్సులో, పై పొర అరిగేదాకా తిప్పు. తర్వాత మామూలుగా తిప్పి కన్నం పెట్టు. కన్నం నోరు కొంచెం వెడల్పు చెయ్యి, లేకపోతే స్క్రూ బిగించినప్పుడు అక్కడినుంచి సాలెగూడులా పగుళ్ళు వస్తాయి.

పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మంచి మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకో. పొడుగు చేతుల చొక్కా వేసుకో. పని అయ్యాక చన్నీళ్ళతో కడుక్కో, రుద్దకు. రుద్దితే రాత్రంతా దురద. అమ్మని ఆ పక్కకి రానివ్వకు.

తాళంచెవి | మే 12, ఉదయం 7:20

పెద్దాయన చెప్పాక పెంకు గురించి నేను చెప్పేదేం లేదు. మందం సంగతి చెప్తాను. లోపలివైపు అర అంగుళం మెరైన్ ప్లైవుడ్ దిమ్మ పెట్టండి, కోత చుట్టూ రెండంగుళాలు ఎక్కువగా ఉండేలా. తలుపు వంపుగా ఉంది కదా, దిమ్మ చదునుగా ఉంటే మధ్యలో ఆనదు, స్క్రూలు బిగిస్తే పెంకు ఒత్తుకుపోతుంది. దానికో ఉపాయం ఉంది. గరుకు వైపు మీకు కనిపించేలా ఉప్పుకాగితాన్ని తలుపు లోపలి ముఖానికే టేపుతో అంటించండి. దాని మీద దిమ్మని ముందుకీ వెనక్కీ రుద్దండి. తలుపు వంపు ఎంతుందో దిమ్మ అంతే అరుగుతుంది.

నాలుక దూరే పట్టీ చివర్లో బిగించండి. నాలుక కొసకి లిప్‌స్టిక్ రాసి తలుపు మూస్తే ఎక్కడ తగిలిందో గుమ్మం మీద అచ్చు పడుతుంది, పట్టీ సరిగ్గా అక్కడే రావాలి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి, ఆఖరి తిప్పులు చేత్తోనే తిప్పండి.

చిన్నగూడు | మే 12, రాత్రి 8:00

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కాకినాడ పెద్దాయన గారూ, మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "ఆయన చెప్పినట్టు చెయ్యి, సొంత తెలివి పెట్టకు" అంది. ఒక్క సందేహం. తాళం చుట్టూ నీళ్ళు దిగకుండా సిలికాన్ పెట్టేస్తే సరిపోతుందా?

ఒంటరి_బాట | మే 12, రాత్రి 8:45

సిలికాన్ వద్దండీ. ఒకసారి పెంకుకి సిలికాన్ అంటితే ఎంత తుడిచినా దాని జిడ్డు పోదు, తర్వాత అక్కడ రంగూ పట్టదు, ఇంకో అతుకూ పట్టదు. నా బండి కిటికీ దగ్గర పాత ఓనరు పూసిన సిలికాన్ గీకడానికి రెండు వారాంతాలు పోయాయి. బ్యుటైల్ టేపు (నీళ్ళు దిగకుండా అడ్డుకునే మెత్తని జిగురు రబ్బరు పట్టీ) వాడండి. తాళం అంచు కింద చుట్టూ అతికించి స్క్రూలు కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. బయటికి పొంగింది ప్లాస్టిక్ ముక్కతో గీకెయ్యండి. మర్నాడు ఎండలో వేడెక్కాక ఇంకో పావు తిప్పు. మళ్ళీ ఎప్పుడైనా తాళం తీయాల్సి వచ్చినా తేలిగ్గా ఊడుతుంది.

తాళం లోపలికి మామూలు నూనె పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

ప్రెయిరీ_పిట్ట | మే 19, సాయంత్రం 5:30

చిన్నగూడు గారూ, వారం అయింది, ఏమైందో చెప్పండి. వారాంతం దగ్గరపడుతోంది.

చిన్నగూడు | మే 19, రాత్రి 11:10

నిన్నటితో అయిపోయింది. ఎపాక్సీ గట్టిపడటానికి ఇక్కడి చలికి అనుకున్నదానికంటే ఒక రోజు ఎక్కువ పట్టింది. ఆకురాయి పని రెండున్నర గంటలు. టేపు తీస్తే అంచు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఉప్పుకాగితం మీద దిమ్మ రుద్దుతుంటే మొదట్లో రెండు చివర్లే తెల్లబడ్డాయి, నలభై నిమిషాలకి మొత్తం ముఖం తెల్లబడింది. తలుపుకి ఆనించి వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు రాలేదు.

లిప్‌స్టిక్ మా ఆవిడది. అచ్చు నేను ఊహించినచోటుకి పావు అంగుళం కింద పడింది. ఊహని నమ్మి ఉంటే పట్టీ తప్పు చోట బిగించేవాణ్ణి. ఇప్పుడు పిడి వదలగానే నాలుక లోపలికి వెళ్ళిన శబ్దం వేరుగా ఉంది, చిన్నగా, నిండుగా.

అమ్మ డెడ్‌బోల్ట్ చీకట్లో పదిసార్లు తీసింది, వేసింది. మొదటిసారి ఎటు తిప్పాలో తడబడింది, అందుకని తెరిచే వైపు చిన్న ఎర్ర టేపు చుక్క అంటించాను. బయటి చిన్న తలుపుల సిలిండర్లు కూడా మార్చేశాను. తాళంచెవి గారూ, మీరన్నది నిజం, పాతవి రెండూ సీహెచ్751లే.

కాకినాడ_తీరం | మే 20, ఉదయం 6:15

బాగు బాగు. మొదటి వంద మైళ్ళ తర్వాత ఆపి స్క్రూలు చూసుకో నాయనా. కొత్త పడవ నీళ్ళలో దిగిన మొదటి రోజే ఎక్కడైనా వదులైతే తెలుస్తుంది.

చిన్నగూడు | మే 27, రాత్రి 9:50

గూస్‌బెర్రీ వెళ్ళొచ్చాం. డులూత్ దగ్గర థాంప్సన్ హిల్ దిగేటప్పుడు అద్దంలో తలుపు వంకే చూస్తూ నడిపాను, కదల్లేదు. అక్కడ ఆపి స్క్రూలు చూశాను. లోపలి దిమ్మ పై స్క్రూ ఒకటి పావు తిప్పు పట్టింది, మిగతావి కదల్లేదు. అక్కడినుంచి హైవే 61 పట్టుకుని ఒడ్డు వెంట వెళ్ళాం. నీళ్ళు చూసి అమ్మ "ఇది సముద్రం కాదంటే నమ్మను" అంది, చేత్తో తీసుకుని రుచి చూశాకే నమ్మింది.

శనివారం రాత్రి గాలి, వాన గట్టిగా వచ్చాయి. పొద్దున్న తాళం చుట్టూ, దిమ్మ కింద వేలితో తడిమి చూశాను, పొడిగా ఉంది. ఇంటికొచ్చాక మళ్ళీ కాగితం ముక్కతో తలుపు చుట్టూ లాగి చూశాం. పై మూలలో ఇంతకుముందులాగే బిగుతుగా ఉంది. కింద బందుల పక్క ఒక్కచోట కొంచెం తేలిగ్గా వస్తోంది. రబ్బరు పట్టీ అక్కడ అరిగింది, కొత్తది ఆర్డర్ పెట్టాను.